పాత మిలిటరీ రివాల్వర్: గుర్తుపట్టడం, విలువ కట్టడం – ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాల నుంచి ఒకే రకం సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందరూ అడిగేవి రెండే: ఇది ఏ రకం, ఎంత పలుకుతుంది? మొదటిదానికి జవాబు ఇనుము మీది ముద్రల్లో దొరుకుతుంది. రెండోదానికి మాత్రం మన దేశంలో జవాబు బోరులోనూ (అంటే ఏ కొలత తూటా పడుతుందన్నది) కాగితాల్లోనూ ఉంటుంది. వస్తువు ఎంత పాతదన్నది ఆ తర్వాతి మాట. ప్రశ్నలను దశలవారీగా పెట్టాం. ఏ జవాబునైనా విడిగా చదువుకోవచ్చు.

## చేతికి దొరికినప్పుడు

తాతగారి పెట్టెలో రివాల్వర్ దొరికింది. ముందు ఏం చెయ్యాలి?

దాన్ని దొరికిన చోటే ఉంచి, పిల్లల్ని బయటికి పంపి, గదికి తాళం వెయ్యండి. అదే పెట్టెలో, అదే బీరువాలో లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు, ఠాణాలో డిపాజిట్ చేసిన చీటీ ఉన్నాయేమో వెతకండి. లైసెన్సుదారు చనిపోయాక ఆ ఆయుధం ఇంట్లో ఉండటానికి చట్టబద్ధత ఉండదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి ఠాణాలో గానీ లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ జమ చెయ్యాలి. మీరే సంచిలో పెట్టుకుని బయల్దేరకండి. లైసెన్సు లేని మనిషి ఆయుధం మోసుకెళ్ళడం మళ్ళీ వేరే నేరం. ముందు ఠాణాకు ఫోను చేసి, రాతపూర్వకంగా తెలిపి, వాళ్ళు చెప్పిన పద్ధతిలో అప్పగించండి. రసీదులో సీరియల్ నంబరు, బోరు, తయారీదారు పేరు రాయించుకోండి. జమ చేసినంత మాత్రాన హక్కు పోదు. లైసెన్సు తెచ్చుకుంటే వారసుడు తిరిగి తీసుకోవచ్చు, గడువులోగా అమ్మకానికి అనుమతీ కోరవచ్చు.

లోపల గుళ్ళు ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

ఉన్నాయనే అనుకోండి. గొట్టం గోడ వైపో నేల వైపో ఉండాలి, వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు. వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ రకాలకు సుత్తి పక్కన ఎడమవైపు బొటనవేలితో నొక్కే మీట ఉంటుంది. అది నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే తుపాకీ నడుము దగ్గర విరిగినట్టు తెరుచుకుంటుంది, మధ్యలోని నక్షత్రం ఆకారపు ముక్క తూటాలను పైకి లేపుతుంది. అమెరికన్ రకమైన స్మిత్ అండ్ వెస్సన్‌లో ఎడమవైపు బొత్తాన్ని ముందుకు తోస్తే సిలిండర్ (తూటాలు కూర్చునే, తిరిగే భాగం) పక్కకు వస్తుంది. కోల్ట్‌లో అదే బొత్తాన్ని వెనక్కి లాగాలి. తుప్పుతో బిగిసి ఉంటే సుత్తితో కొట్టవద్దు, స్క్రూడ్రైవర్‌తో ఎత్తవద్దు. "బిగిసింది, ఖాళీ అవునో కాదో తెలియదు" అని ఠాణావాళ్ళకు చెప్పండి. ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే నిపుణుడు) చూసుకుంటాడు.

పచ్చగా చిలుము పట్టిన తూటాలు కూడా ఉన్నాయి. పారెయ్యవచ్చా?

చెత్తలో, చెరువులో, పొయ్యిలో వెయ్యకండి. తూటాలకు కూడా లైసెన్సు లెక్క ఉంటుంది కాబట్టి రివాల్వర్‌తోపాటే అప్పగించి, సంఖ్య రాయించుకోండి. అప్పగించే ముందు అడుగుభాగం ముద్ర చదివి రాసుకుంటే గుర్తింపుకు పనికొస్తుంది. "కేఎఫ్" అని ఉంటే పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీది.

మాది ఇప్పుడు గజపతి జిల్లా. పాత లైసెన్సు రికార్డు ఏ ఆఫీసులో దొరుకుతుంది?

లైసెన్సు ఇచ్చిన సంవత్సరం చూడండి. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. రాయగడ, మల్కాన్‌గిరి, నవరంగ్‌పూర్ అదే రోజున పాత కోరాపుట్ నుంచి విడిపోయాయి. అంతకుముందు పర్లాకిమిడివారికి ఇచ్చిన లైసెన్సు మూలం గంజాం కలెక్టరాఫీసుది. ఆ ఆఫీసు ఉన్నది బరంపురంలో కాదు, ఛత్రపురంలో. గుణుపురం, రాయగడ వైపు పాత కాగితాలకు కోరాపుట్‌లో అడగాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, అంతకు ముందు కాగితాల మీద మద్రాసు ముద్ర కనిపిస్తే అనుమానపడకండి. కలెక్టరాఫీసు జుడీషియల్ విభాగంలో అడిగేటప్పుడు లైసెన్సుదారు పూర్తి పేరు, ఊరు, ఠాణా, సుమారు సంవత్సరం ఒడియాలో రాసి ఇస్తే పని త్వరగా జరుగుతుంది.

## గుర్తుపట్టే దశ

పేరు ఎక్కడా కనిపించడం లేదు. ఏ వరుసలో చూడాలి?

ముందు తెరుచుకునే తీరు చూడండి: నడుము దగ్గర వంగితే బ్రిటిష్ సైన్యం వాడిన రకాలు కావచ్చు, సిలిండర్ పక్కకు వస్తే అమెరికన్‌వి కావచ్చు. తర్వాత వంటింటి త్రాసు మీద పెట్టండి. .455 వెబ్లీ మార్క్ 6 సుమారు 1,100 గ్రాములు తూగుతుంది. యుద్ధకాలపు .38 వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ 750–800 గ్రాముల మధ్య ఉంటాయి. గొట్టం పొడవు కొలవండి: మార్క్ 6కు 6 అంగుళాలు, .38 రకాలకు 5. ఆ తర్వాతే అక్షరాలు వెతకండి. గొట్టం పైపట్టీ, సిలిండర్ కింది ఫ్రేము, కుడివైపు సుత్తి కింది భాగం, పిడి అడుగు, ఈ నాలుగు చోట్లా టార్చిలైటును పక్కవాటుగా పట్టి చూడండి. నేరుగా వెలుతురు పడితే అరిగిన అక్షరం కనిపించదు. ఏటవాలుగా పడితే నీడ కట్టి లేస్తుంది. ఫొటో కూడా అలాగే తీయాలి.

ఇది వెబ్లీనా ఎన్‌ఫీల్డా? రెండూ ఒకేలా ఉన్నాయి.

పోలిక ఊరికే రాలేదు. 1920లలో బ్రిటిష్ సైన్యం చిన్న బోరు కోరుకున్నప్పుడు వెబ్లీ నమూనా మీదే ప్రభుత్వ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ తన నంబర్ 2 రివాల్వర్‌ను రూపొందించింది. అది 1932లో సేవలోకి వచ్చింది. ఎన్‌ఫీల్డ్ అయితే కుడివైపు సుత్తి కింద కిరీటం, "ఎన్‌ఫీల్డ్" అన్న పేరు, "నంబర్ 2 మార్క్ 1", సంవత్సరం వరుసగా ఉంటాయి. లోపలి యంత్రం మీద స్క్రూ విప్పి తీసే పలక ఉంటుంది. ఎన్‌ఫీల్డ్ బదులు "అల్బియన్" అని ఉంటే గ్లాస్గోలోని అల్బియన్ మోటార్స్ యుద్ధకాలంలో చేసినది. వెబ్లీ మార్క్ 4 అయితే రెక్కలున్న తూటా బొమ్మ, "వెబ్లీ" పేరు, పైపట్టీ మీద "మార్క్ 4 .38 145/200" అన్న రాత కనిపిస్తాయి. 145, 200 అన్నవి గ్రెయిన్లనే చిన్న కొలతలో తూటా బరువులు.

.455 వెబ్లీల్లో మార్క్ 4, 5, 6 తేడా ఏమిటి?

పిడి చూస్తే చాలు. మార్క్ 1 (1887) నుంచి మార్క్ 5 (1913) వరకు పిడి కింద పక్షి తలలా గుండ్రంగా వంగి ఉంటుంది. 1915 మే నెలలో వచ్చిన మార్క్ 6 పిడి నలుచదరంగా, కింద వెడల్పుగా ఉంటుంది, గొట్టం 6 అంగుళాలు. మార్క్ 4 (1899), మార్క్ 5లు సాధారణంగా 4 అంగుళాలు. మార్క్ 6 మీద "ఎన్‌ఫీల్డ్", 1921–26 మధ్య సంవత్సరం కనిపిస్తే నకిలీ అనుకోవద్దు. ఆ కాలంలో ప్రభుత్వ ఫ్యాక్టరీ కూడా వాటిని చేసింది.

ఒక హెచ్చరిక: ".38 మార్క్ 4", ".455 మార్క్ 4" వేర్వేరు తుపాకులు. ఉత్తరాల్లో ఒట్టి "వెబ్లీ మార్క్ 4" అని రాస్తే వ్యాపారి కూడా పొరబడతాడు. బోరు తప్పక జోడించండి.

సుత్తికి వెనక బొటనవేలితో లాగే తోక లేదు. విరిగిపోయిందా?

చాలావరకు విరగలేదు. 1938లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 మార్క్ 1 నక్షత్రం రకంలో తోక కావాలనే తీసేశారు. ట్యాంకు లోపల ఇరుకులో తోక దేనికైనా చిక్కుకుంటుందన్నది చెప్పిన కారణం. పాతవాటినీ చాలావరకు అలా మార్చారు. మార్క్ గుర్తు పక్కన ఒక నక్షత్రం ఉందేమో చూడండి. రెండు నక్షత్రాలుంటే 1942 నాటి రకం: ఉత్పత్తి వేగం కోసం సుత్తిని ఆపే లోపలి ముక్కను వదిలేశారు, కింద పడితే పేలే ప్రమాదం ఉంది. యుద్ధం తర్వాత అలాంటివాటిని వెనక్కి రప్పించి ఆ ముక్క బిగించారు. గుర్తు రెండు నక్షత్రాలతోనే ఉంటే ఆర్మరర్ విప్పి చూసేదాకా గుళ్ళు పెట్టకూడదు.

పైన "యునైటెడ్ స్టేట్స్ ప్రాపర్టీ" అని ఉంది. అమెరికాది ఇక్కడికెలా వచ్చింది?

అది స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ రకం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, కామన్వెల్త్ సైన్యాలకు పెద్ద సంఖ్యలో సరఫరా అయింది. పిడి అడుగున సీరియల్ నంబరుకు ముందు "వీ" అక్షరం, తాడు కట్టే వలయం, మెరుపు లేని బూడిదరంగు పూత దాని గుర్తులు. 5 అంగుళాల గొట్టమైతే బ్రిటిష్ .38 తూటాది, 4 అంగుళాలదైతే సాధారణంగా .38 స్పెషల్‌ది.

బోరు ఎక్కడా రాసి లేదు. కొలిచి తెలుసుకోవచ్చా?

ఖాళీ సిలిండర్ వెనకవైపు నుంచి ఒక గది (ఒక్క తూటా పట్టే రంధ్రం) నోటిని వెర్నియర్ అనే సన్నని కొలతల పనిముట్టుతో కొలవండి. సుమారు 12.2 మిల్లీమీటర్లు ఉంటే .455, 9.8–9.9 ఉంటే బ్రిటిష్ .38, 8.6 దగ్గర ఉంటే .32. గొట్టం మూతి కొలిచి బోరు తేల్చవద్దు. లోపలి గాడి లోతు, మూతి అరుగుదల కలిసి తప్పుదారి పట్టిస్తాయి.

బాణం గుర్తు, కిరీటాలు, అంకెలు చాలా ఉన్నాయి. ఏది ఏమిటి?

మూడు గీతల బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి గుర్తు. దాని కింద "ఐ" ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు బాణాలు మొన మొన తాకేలా ఉంటే ప్రభుత్వం చట్టబద్ధంగా అమ్మేసినట్టు. కుటుంబానికి అన్నిటికంటే పనికొచ్చే గుర్తు అదే. కిరీటం కింద అంకె, "ఈ" అక్షరం ఉంటే ఎన్‌ఫీల్డ్ తనిఖీదారు ముద్ర. కిరీటం కింద "బీఎన్‌పీ" బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1954 నుంచి వేసిన ముద్ర, అంటే ఆ తర్వాత పౌర మార్కెట్ కోసం పరీక్షించారు. ".38 .767 3½ టన్నులు" అన్న రాత కూడా పరీక్షాలయానిదే, తూటా ఇత్తడి గొట్టం పొడవు, పీడనం చెబుతుంది. "ఎఫ్‌టీఆర్" అని తేదీతో ఉంటే ఫ్యాక్టరీలో పూర్తిగా బాగుచేశారని.

పైపట్టీ మీద కలకత్తా దుకాణం పేరు ఉంది. అంటే మిలిటరీది కాదా?

రొడ్డా, మాంటన్, లయన్ అండ్ లయన్ వంటి కలకత్తా దుకాణాల పేర్లుంటే అది దుకాణంలో అమ్మినది. బ్రిటిష్ అధికారులు తమ తుపాకీ తామే కొనుక్కునేవారు కాబట్టి అదీ యుద్ధానికి వెళ్ళి ఉండవచ్చు. దుకాణం పేరు బాణం గుర్తు కంటే మేలు. ప్రభుత్వ ఆస్తి బయటికెలా వచ్చిందన్న ప్రశ్నే రాదు.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

ఇప్పటి పాకిస్తాన్ వాయవ్య సరిహద్దులో దర్రా ఆదమ్ ఖేల్‌లో చేతితో చేసిన వెబ్లీ నకళ్ళు, బిహార్ ముంగేర్ వైపు దొంగ కార్ఖానాల సరుకు, రెండూ తిరుగుతాయి. అక్షరాలే పట్టిస్తాయి: ఇంగ్లిషు ఎన్ తిరగబడి ఉండటం, అక్షరదోషాలు, వంకర వరుస, అక్షరం చుట్టూ ఉలి జారిన గీతలు. అసలు ముద్ర ఒక్క దెబ్బలో పడినట్టు లోతు సమంగా ఉంటుంది. విక్టోరియా రాణి 1901లో చనిపోయింది. ఆమె పేరు సూచించే "వీఆర్" అక్షరాల కింద 1915 ఉంటే ఇంకేం చూడనక్కర్లేదు. గొట్టం, ఫ్రేము, సిలిండర్ నంబర్లు మూడూ పోల్చండి. నంబరు చెరిపి కొత్తగా కొట్టిన జాడ ఉంటే బేరం వదిలేసి లేవండి. అది విలువ తగ్గడం కాదు, నేర విషయం.

## స్థితి చూసే దశ

పనిచేసే స్థితిలో ఉందో లేదో ఎలా పరీక్షించాలి?

లైసెన్సుదారు సమక్షంలో, తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాకే. గొట్టం తెరిచి వెనక తెల్ల కాగితం పెట్టి లోపలికి చూడండి: గాడులు పదునుగా, వంపుగా కనిపించాలి. నల్లటి గుంటలుంటే పాత తూటాల తుప్పు. ఆ కాలపు ప్రైమర్ (తూటా అడుగున మొదట అంటుకునే మందు) లవణాలు తేమ లాగుతాయి, కాల్చాక వేడినీళ్ళతో కడగకపోతే గొట్టం తినేస్తాయి.

తర్వాత సుత్తిని నెమ్మదిగా వెనక్కి లాగండి (తోక లేనిదైతే ట్రిగ్గర్‌నే మెల్లగా నొక్కాలి). సుత్తి చివరిదాకా రాకముందే సిలిండర్ టక్కున కుదురుకోవాలి. కుదురుకోకపోతే గది గొట్టానికి ఎదురుగా నిలవదు, తూటా అంచు చెక్కుకుని సీసం ముక్కలు పక్కకు ఎగురుతాయి. ఆరు గదులూ విడివిడిగా చూడాలి. ఐదు సరిగా ఉండి ఆరోది తప్పడం మామూలే. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందును ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకులు)తో కొలవండి: 0.15–0.20 మిల్లీమీటర్లు బాగున్నట్టు, 0.30 దాటితే అరిగినట్టు. నడుము దగ్గర వంగే రకాల్లో చివరి పరీక్ష గొళ్ళేనిది: మూసి, గొట్టాన్ని పైకి కిందికి ఊపితే కదలకూడదు. ఇక్కడ వదులుంటే బాగుచేయడం కష్టం, ఖర్చు కూడా.

తుప్పు పట్టింది. పాలిష్ పెట్టిస్తే ధర పెరుగుతుందా?

పెరగదు, పడిపోతుంది. గరుకు కాగితం, బఫింగ్ చక్రం, నికెల్ పూత, ఈ మూడూ ముద్రల అంచులను తినేస్తాయి. మెత్తబడిన ముద్ర తిరిగి రాదు. పాత నీలిపూత సగం పోయినా అలాగే ఉండనివ్వండి. మెత్తటి నూలుగుడ్డకు పల్చని మిషన్ నూనె రాసి తుడవండి. ఎర్రటి తుప్పు మీద నూనె ఒక రాత్రి నిలవనిచ్చి మర్నాడు గుడ్డతోనే రుద్దండి. నిమ్మరసం, చింతపండు, ఇసుక వద్దు. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలి ఉంది కాబట్టి తోలు ఒరలో ఉంచి దాచవద్దు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, ఒర తాకిన చోటల్లా గుంటలు పడతాయి. ఒర అసలుదైతే దానికి వేరే విలువ ఉంది, పక్కన దాచండి.

బ్రిటిష్ .38 రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటా పడుతుందా? .32లో పిస్టల్ తూటా?

రెండూ వద్దు. బ్రిటిష్ .38 తూటా గొట్టం సుమారు 19.7 మిల్లీమీటర్లు, స్పెషల్‌ది 29.3. కొన్ని విక్టరీ రివాల్వర్ల గదులను తర్వాత తొలిచి స్పెషల్ పట్టేలా చేశారు. అందులో కాల్చితే తూటా గొట్టం ఉబ్బి చీలుతుంది. గదిలో 20 మిల్లీమీటర్ల దగ్గర మెట్టు కనిపించకపోతే తొలిచినట్టే, విలువా తగ్గినట్టే. .32 రివాల్వర్ సిలిండర్‌లో .32 పిస్టల్ తూటా ఎక్కుతుంది, కానీ దాని పీడనం ఎక్కువ.

## విలువ కట్టే దశ

అమెరికన్ వెబ్‌సైట్లలో డాలర్లలో ధరలున్నాయి. రూపాయల్లోకి మార్చుకోవచ్చా?

మార్చుకోకూడదు. అక్కడ .455, .38 స్వేచ్ఛగా అమ్ముడవుతాయి, ఇక్కడ అవి నిషిద్ధ బోర్లు (మామూలు లైసెన్సు మీద కొనలేనివి). పైగా అక్కడి ధరలో ఇక్కడ అర్థం లేని తేడాలు ఉంటాయి. ఉదాహరణకు అమెరికాలో చాలా మార్క్ 6ల సిలిండర్ వెనకభాగం చెక్కి .45 ఆటో తూటా పట్టేలా చేశారు, చెక్కనివాటికే ఎక్కువ ధర. మన దేశపు ధరను మన లైసెన్సు చట్టం తయారు చేస్తుంది.

నూరేళ్ళ .455 వెబ్లీ కంటే మామూలు .32 ఎందుకు ఎక్కువ పలుకుతుంది?

కొనగలిగేవాళ్ళ సంఖ్య వల్ల. .32 నిషిద్ధం కాని బోరు, కలెక్టరు ఇచ్చే లైసెన్సు మీద కొనవచ్చు. 1980ల మధ్య నుంచి వ్యక్తులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది. అందువల్ల దేశంలో అప్పటికే ఉన్న విదేశీ .32 వెబ్లీ, స్మిత్ అండ్ వెస్సన్, కోల్ట్‌లే చేతులు మారుతున్నాయి, ధర పెరుగుతూనే ఉంది. .38, .455లకు కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి, అలాంటి లైసెన్సుదారులు చాలా తక్కువ. అందుకే చరిత్ర ఉన్న తుపాకీకి కొనేవాడు దొరకడు. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, కానీ ఇంట్లో వాటాలు పంచుకునేటప్పుడు దాన్ని లక్షల ఆస్తిగా లెక్కేసి అన్నదమ్ములు తగవు పడకూడదంటే ముందే తెలియాలి.

.32 అయితే విలువ ఎలా అంచనా వెయ్యాలి?

కాన్పూర్ ఫ్యాక్టరీ కొత్త .32 రివాల్వర్ నేటి ధరను కొలబద్దగా పెట్టుకోండి. అది కూడా వెబ్లీ నమూనా మీద చేసినదే. ఆ ఫ్యాక్టరీ 2021 అక్టోబరు నుంచి అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా సంస్థ కింద ఉంది. విదేశీ తయారీ, నంబర్లు మూడూ కలవడం, అసలు పూత, శుభ్రమైన గొట్టం ఉంటే దానికి పైన. నికెల్ పూత, మార్చిన పిడి, గుంటల గొట్టం, వదులు గొళ్ళెం ఉంటే కిందికి. లైసెన్సున్న ఇద్దరు ముగ్గురు వ్యాపారులను, వీలైతే భువనేశ్వర్‌లో ఒకరిని, విశాఖలో ఒకరిని ఫొటోలతో అడగండి. తుపాకీ తీసుకెళ్ళనక్కర్లేదు. వ్యాపారి తాను కొనే ధర చెబుతున్నాడా, అమ్మే ధర చెబుతున్నాడా అన్నది విడిగా అడగండి. రెంటికీ చాలా తేడా ఉంటుంది.

## కాగితాలు, బదిలీ, అమ్మకం

నాన్నగారి లైసెన్సు నా పేరుకు మారుతుందా?

లైసెన్సు మారదు, మీ పేరున కొత్తది తీసుకోవాలి. 2016 ఆయుధాల నియమావళి 25వ నియమం వారసుడికి అవకాశం ఇస్తుంది: లైసెన్సుదారు చనిపోయాక, లేదా ఆయనకు 70 ఏళ్ళు నిండాక, లేదా ఆయుధం 25 ఏళ్ళు ఆయన దగ్గర ఉన్నాక. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోండి. అక్కచెల్లెళ్ళ సంతకాల దగ్గరే ఎక్కువ ఫైళ్ళు ఆగుతాయి. నిషిద్ధ బోరైతే ఫైలు కలెక్టరు ద్వారా కేంద్ర హోంశాఖకు వెళ్తుంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోనే.

అమ్మాలంటే?

కొనేవారికి ఆ బోరుకు చెల్లే లైసెన్సు ఉండాలి. మీరు కలెక్టరుకు గానీ ఠాణా అధికారికి గానీ రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకే అప్పగించాలి. వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువుగా లెక్కకు రావచ్చు, దాన్ని విదేశాలకు పంపడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నిషేధం. ఎన్నారై బంధువులకు ఇచ్చే ఆలోచన మానుకోండి.

బరంపురం నుంచి ఇచ్ఛాపురం పెళ్ళికి వెళ్తున్నాం. వెంట తీసుకెళ్ళవచ్చా?

లైసెన్సులో "చెల్లుబాటు ప్రాంతం" అన్న గడి చూడండి. ఒడిశా అనో జిల్లా పేరో ఉంటే సరిహద్దు దాటగానే మీరు లైసెన్సు లేనివారితో సమానం. ఎంత దగ్గరైనా అంతే. పెళ్ళిలో గాల్లోకి కాల్చడం 2019 సవరణ తర్వాత విడిగా శిక్షార్హం.

ఎన్నికలప్పుడు ఠాణాలో జమ చేస్తే తుప్పు పట్టి వస్తోంది. ఏం చెయ్యాలి?

జమ చేసే ముందు గొట్టం, గదులు, బయటి ఇనుము అంతటా పల్చగా నూనె రాసి, నూనె గుడ్డలో చుట్టి, పైన నూలు సంచి వెయ్యండి. ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూస్తే లోపల చెమట పడుతుంది. రసీదులో స్థితి కూడా రాయించండి. విడిపించుకున్న రోజే విప్పి తుడవండి.

అసలు ఎప్పుడూ లైసెన్సే లేదని తెలిసింది. గొట్టం కోసేసి గోడకు తగిలించుకుంటే?

కోయవద్దు. గొట్టం కురచ చేయడం ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కింద విడిగా నేరం. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్ళు, నిషిద్ధ ఆయుధమైతే 7 నుంచి 14 ఏళ్ళు శిక్ష ఉంది. ముందు ఒక వకీలును కలిసి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సామానులో దొరికిందో తేదీతో రాసి, సాక్షి సంతకంతో ఠాణాకు తెలియజేయండి. దొరికిన తేదీకీ తెలియజేసిన తేదీకీ మధ్య ఎన్ని రోజులు గడిచాయన్నదే మొదట అడుగుతారు.